ముప్పై నాలుగుకే ఒళ్లు అరవైలా ఉంటోంది: తప్పు మనదా, మనం చేసే పనిదా?

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:

నా వయసు 34. అమెరికా క్లయింట్‌కి సపోర్ట్ పని. వేసవిలో సాయంత్రం ఆరున్నరకి లాగిన్ అవుతాను, చలికాలంలో ఏడున్నరకి. అక్కడ మార్చిలో, నవంబర్‌లో గడియారం మార్చుకున్నప్పుడల్లా ఇక్కడ మా నిద్ర గంట అటో ఇటో జరుగుతుంది. తెల్లారేలోపు ఇంటికొచ్చి, కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటాను. పదింటికి కొరియర్ అబ్బాయి బెల్లు కొడతాడు. పదకొండింటికి పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ మొదలవుతుంది. ఇక నిద్ర పట్టదు.

లిఫ్ట్ పనిచేయని రోజు మూడో అంతస్తుకి ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. చెయ్యి ఆనించకుండా నేల మీంచి లేవలేకపోతున్నాను. మా అమ్మకి అరవై దాటాయి. కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగి, గిన్నె రెండు చేతులతో పట్టుకుని అలాగే లేస్తుంది. నాతో పనిచేసేవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి. మెడ పట్టేయడం, గుర్తుండకపోవడం, ఎప్పుడూ నీరసం. "వయసైపోతోంది" అని అందరం అనుకుంటున్నాం, ఇంకా నలభై రాకుండానే.

ఇంట్లోవాళ్లేమో కదలకుండా కూర్చుంటే ఇంతే అంటారు. అది బద్ధకం వల్ల వచ్చింది కాదని నేనంటాను. నిద్రపోయే టైమ్, తినే టైమ్, ఎండ చూసే టైమ్, ఇవేవీ నా చేతిలో లేవు. మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు, తెనాలి:

బాబూ, నీ కష్టం అర్థమైంది. కానీ మొత్తం ఉద్యోగం మీదకి నెట్టేస్తే ఒప్పుకోను. నేను పనిచేసిన ఊరికి బస్సు లేదు. సైకిల్ మీద వెళ్లి పాఠాలు చెప్పి, సాయంత్రం పొలం చూసుకునేవాణ్ని. ఇప్పటికీ తెల్లవారుజామున కాలువ కట్ట మీద నడవందే కాఫీ తాగను. మా వీధి కుర్రాళ్లు సందు చివర కొట్టుకి కూడా బండి తీస్తున్నారు. పెరుగు ప్యాకెట్ కూడా ఫోన్‌లోనే తెప్పిస్తున్నారు.

ఇది నా ఒక్కడి గోల కాదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2024లో వచ్చిన లెక్క చూడండి. ఒంటికి చాలినంత శ్రమ లేని పెద్దవాళ్లు మన దేశంలో 2000లో 22 శాతం ఉంటే, 2022 నాటికి 49 శాతం దాటారు. వాళ్లందరూ నైట్ షిఫ్ట్ చేస్తున్నారా? పగటి ఉద్యోగాలవాళ్లు, అసలు ఉద్యోగమే లేనివాళ్లు కూడా అందులో ఉన్నారు. మా తరం గట్టిగా ఉందంటే కదిలింది కాబట్టే.

మర్రిగూడ:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. "మా తరం గట్టిది" అన్న మాట మా నల్లగొండలో చెల్లదు. మా దగ్గర నలభై దాటకముందే కర్ర పట్టుకున్నవాళ్లను చూస్తూ పెరిగినం. మా నాయనను వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేకపోయేవాడు. కర్ర ఆనించుకుని, పాదాలు మెల్లగా జరుపుకుంటూ మనిషి మనిషంతా తిరిగితే తప్ప పిలిచిందెవరో కనపడేది కాదు. పొద్దున లేస్తే సాయంత్రం దాకా కష్టం చేసిన మనిషి ఆయన. బోరునీళ్లలోని ఫ్లోరిన్ ఎముకల్లో పేరుకుపోయి కీళ్లు బిగుసుకుపోయినయి.

ఈ సంగతి నిన్నగాక మొన్న బయటపడింది కాదు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లాలో ఈ రోగం ఉందని డాక్టర్లు 1937లోనే రాశారు. మా జిల్లా సంగతి 1940లలో బయటికొచ్చింది. ఆ తర్వాత కూడా ఎన్ని తరాలు అవే నీళ్లు తాగినయో లెక్కేసుకోండి. ఇంటింటికీ కృష్ణా నీళ్లు వచ్చినంక ఇప్పటి పిల్లలు కాళ్లు వంకర పోకుండా పెరుగుతున్నరు. మా ఊరికి కావాల్సింది మంచినీళ్లు. వ్యాయామం చెయ్యమని చెప్పేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు.

ఇంకో మాట. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. ఇప్పుడు 70 దాకా వచ్చింది. చిన్నతనంలోనే పోయిన పిల్లల వల్ల అప్పటి సగటు బాగా తగ్గింది, నిజమే. కాన్పుల్లో పోయిన తల్లులు, ముప్పైల్లో క్షయతో పోయినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారు కదా. పాతతరం అనగానే మీకు గుర్తొచ్చేది బతికి బట్టకట్టినవాళ్లే.

రిటైర్డ్ మాస్టారు, తెనాలి:

మీ నాన్నగారి సంగతి చదివి బాధ కలిగింది. ఆయన తాగిన నీళ్లు ఆయన ఎంచుకున్నవి కావు. మెట్లెక్కాలా, లిఫ్ట్ ఎక్కాలా అనేది మాత్రం ఇక్కడ అడిగిన అబ్బాయి చేతిలోనే ఉంది. రెంటినీ ఒక గాటన కట్టకండి.

ఫిజియో, విజయవాడ:

ఈ చర్చలో ఉన్నలాంటివాళ్లను నేను రోజూ చూస్తాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముప్పైల్లో ఉన్నవాళ్లు వచ్చి "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది" అంటారు. ఎవరు చెప్పారంటే పక్కింటివాళ్లు, లేదా ఫోన్‌లో వీడియో. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేవమంటాను. ముందుకి ఊగుతారు. మోకాళ్లు రెండూ లోపలికి వాలిపోతాయి. సగం లేచి మళ్లీ కూలబడతారు. చాలామందిలో అక్కడ గుజ్జు బాగానే ఉంటుంది, తొడ కండరంలోనే బలం ఉండదు. ముప్పై దాటాక కండ ఎవరికైనా మెల్లగా తగ్గుతుంది. రోజంతా కూర్చునేవాళ్లకి ఇంకా త్వరగా తగ్గుతుంది. తిరిగి పెంచుకోవచ్చు కూడా. అరవైల్లోనూ పెరుగుతుంది.

నడుం నొప్పికి ఎమ్మారై తీయించుకుని "డిస్క్ జరిగింది" అని భయపడుతూ వచ్చేవాళ్లు ఇంకో రకం. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లకి స్కాన్ చేసినా దాదాపు 30 శాతం మందిలో డిస్క్ కొంత ఉబ్బి కనపడుతుంది. ఆ ఒక్క లైను చదివి ఒళ్లు వంచడమే మానేస్తే ఉన్న బలం కూడా పోతుంది. అయితే కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకూడదు.

మాస్టారూ, మీ నడక మంచిదే, మానకండి. కానీ నడక ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలంటుంది. రెండోది మనవాళ్లు పట్టించుకోరు.

ఇక నైట్‌షిఫ్ట్ తమ్ముడికి. నీరసం, మరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు ఉంటే "వయసైపోతోంది" అనుకుని ఊరుకోవద్దు. హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్, షుగర్ ముందు చూపించుకో. ఎండ చూడనివాళ్లకి విటమిన్ డి తగ్గడం సహజం. ఇంకో సంగతి ఎవరూ అడగరు, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నావా? ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గే అవకాశం ఉంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలోనూ అంతే. మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టర్‌ని అడగండి. గురక పెట్టి, పడుకుని లేచినా అలసట తీరకపోతే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూపించుకోవాలి. వీటన్నిటికీ మందో, మార్గమో ఉంది.

వాదన సంగతికొస్తే నేను మధ్యలో ఉన్నాను. వ్యాయామం లేకుండా ఏ కండా రాదు. కానీ నాలుగు గంటలే నిద్రపోయేవాణ్ని జిమ్‌కి తోలితే గాయంతో నా దగ్గరికే వస్తాడు.

ఏఎన్ఎం, ప్రకాశం జిల్లా:

అన్నయ్యలూ, మాస్టారూ, ఇంతసేపూ ఆఫీసు కుర్చీల గురించే మాట్లాడుకుంటున్నారు. ముప్పై ఐదుకే ముసలివాళ్లయిన ఆడవాళ్లను చూడాలంటే మా ఊళ్లకు రండి.

పద్దెనిమిది నిండీ నిండకుండా పెళ్లి. ఇరవై రెండుకల్లా ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. తర్వాత తెల్లబట్ట, నెలసరిలో నొప్పి అని టౌనుకి పోతే "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీసేద్దాం, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది" అని భయపెట్టేవాళ్లు ఉన్నారు. మందులతో తగ్గే ఇన్ఫెక్షన్‌కి కూడా అప్పుచేసి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోకెల్లా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువ. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిపోయే దశ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. అవి ఉంచినా, రావాల్సినదానికంటే ముందే రావచ్చు. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకల్లో పటుత్వం తగ్గడం. మిర్చి కోతలకి వంగి పనిచేసే మనిషికి ఇవన్నీ ముప్పై ఐదులో మొదలైతే ఎట్లా?

దీనికి తోడు రక్తహీనత. 2019–21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు ఇస్తాం. కడుపులో తిప్పుతోందని మానేస్తారు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదని చెప్తూనే ఉంటాను. మెట్లెక్కితే ఆయాసం, నీరసం అని మీరు రాసిన లక్షణాలే వీళ్లకీ ఉన్నాయి. వీళ్లను బద్ధకస్తులని ఎవరైనా అనగలరా మాస్టారూ?

హెచ్ఆర్_గచ్చిబౌలి:

కంపెనీల వైపు నుంచి ఒక మాట. చాలా ఆఫీసుల్లో జిమ్ ఉంది, ఏడాదికోసారి హెల్త్ చెకప్ ఉంది, డాక్టర్‌తో మాట్లాడే సదుపాయం ఉంది. వాడుకునేవాళ్లు తక్కువ. పగటి షిఫ్ట్ ఇస్తామంటే వద్దనేవాళ్లూ ఉన్నారు, నైట్ అలవెన్స్ పోతే ఈఎంఐ కట్టలేమంటారు. ఇది కూడా నిజమే కదా.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:

నిజమే. అలవెన్స్ కోసం నైట్ అడిగినవాళ్లు మా టీమ్‌లోనూ ఉన్నారు. కానీ మా ఆఫీసులో జిమ్ మూసే టైముకి నేను కాల్‌లో ఉంటాను. చెకప్ రిపోర్ట్ మెయిల్‌లో వస్తుంది. ట్రైగ్లిజరైడ్స్, షుగర్ పక్కన ఎర్రగుర్తులు, కింద "జీవనశైలి మార్చుకోండి" అన్న సలహా. నా జీవనశైలి అంటే నా షిఫ్టే. అది మార్చగలిగేవాళ్లకి ఆ రిపోర్ట్ పోదు.

రాత్రి పని సంగతి తేలికగా తీసుకునేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో ఒకసారి, 2019లో మరోసారి పరిశీలించి, రాత్రి షిఫ్టులను క్యాన్సర్ కలిగించే అవకాశం గలవాటి జాబితాలోనే ఉంచింది. మనవైపు చూస్తే 2025లో రెండు రాష్ట్రాలూ రోజుకి 10 గంటల దాకా పని చేయించుకునేలా నిబంధనలు సడలించాయి. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలట. లాగౌట్ అయ్యాక వాట్సాప్‌లో వచ్చే పనిని ఎవరు లెక్కేస్తున్నారు?

జిమ్ మాకొద్దని కాదు. ఏడాది పొడుగునా ఒకరినే రాత్రి కూర్చోబెట్టకుండా వంతులు వేయండి. వంతు మారేటప్పుడు మధ్యలో రెండు రోజులు వదలండి. ఆరోగ్యం బాగోక పగటి షిఫ్ట్ అడిగినవాడి అప్రైజల్ మీద చెయ్యి వేయకండి.

రిటైర్డ్ మాస్టారు, తెనాలి:

వంతుల సంగతిలో నేను నీ పక్షమే. ఆడవాళ్ల విషయం ఆ అమ్మాయి రాసింది చదివాక దాన్ని బద్ధకం అనే మాటే లేదు. కానీ నా ప్రశ్న నాకుంది. పగలు పనిచేసి, సాయంత్రం ఆరుకల్లా ఇంటికొచ్చి, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసేవాళ్ల నిద్రని ఏ కంపెనీ లాక్కుంటోంది? నా కొడుకుతో సహా అడుగుతున్నాను.

ఫిజియో, విజయవాడ:

మాస్టారి ప్రశ్న న్యాయమైనది. అలాంటివాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు. తమ్ముడూ, నీ షిఫ్ట్ మారేలోపు ఒకటి మొదలుపెట్టు. లాగిన్‌కి ముందు, గోడకి ఆనించిన కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చో. ఆయాసం మాట్లాడనివ్వనంతగా వస్తే ఆగు. మెట్లెక్కితే ఆయాసం అన్నావు కాబట్టి ముందు బీపీ, ఈసీజీ చూపించుకున్నాకే ఇది.

మర్రిగూడ:

ప్రకాశం అక్కా, ఒక సంగతి అడగాలె. మా వదినకు 33 ఏళ్లు. గర్భసంచి తీయాలని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పిన్రు. వచ్చే వారం రమ్మన్నరు. మేం డబ్బు కోసం తిరుగుతున్నం.

ఏఎన్ఎం, ప్రకాశం జిల్లా:

తమ్ముడూ, ప్రాణం మీదికి వచ్చేంత రక్తస్రావం లేకపోతే తొందరపడొద్దు. డబ్బు కట్టకముందే స్కానింగ్ రిపోర్ట్, రాసిన చీటీలు అన్నీ తీసుకుని జిల్లా ఆసుపత్రిలో గైనిక్ డాక్టర్‌కి చూపించండి. క్యాన్సర్ అన్నారా? అంటే గర్భాశయ ముఖద్వార పరీక్ష చేశారా అని అడగండి. ముప్పై దాటిన ఆడవాళ్లకి సర్కారు దవాఖానాల్లో చేయాల్సిన పరీక్షే అది. మందులతో చూశారా, ఎన్నాళ్లు వాడారు, తీయక తప్పకపోతే అండాశయాలు ఉంచుతారా, ఈ మూడూ అడిగి జవాబు కాగితం మీద రాయించుకోండి. వదినని ఒక్కదాన్నే పంపొద్దు, మీ అన్నని కూడా లోపలికి వెళ్లమను. డాక్టర్ ఏమన్నారో ఇక్కడే రాయి, నేను చూస్తుంటాను.