కోళ్లు ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి, మిగిలినవాటినైనా దక్కించుకోవడం ఎలా?

పెరటిపెట్ట (జంగారెడ్డిగూడెం దగ్గర):
అందరికీ నమస్కారం. మా పెరట్లో ఇరవై దాకా నాటుకోళ్లున్నాయి, పెట్టలే ఎక్కువ, రెండు పుంజులు, ఈమధ్యే పొదిగిన పిల్లలు. మా మామయ్యగారు సంతలో మంచి పెట్ట కనిపించిందని కొని తెచ్చి మిగతావాటితో వదిలారు. వారం తిరక్కుండానే అది మూలన కూర్చుని కునకడం మొదలుపెట్టింది, మేత ముట్టలేదు, పోయింది. ఇప్పుడు మావి కూడా అంతే. రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి గురగురమంటూ గాలి పీలుస్తున్నాయి, రెట్ట ఆకుపచ్చగా నీళ్లలా పడుతోంది. ఒక పుంజుకైతే మెడ మెలి తిరిగిపోయింది, గింజ మీద పొడవబోతే ముక్కు పక్కన నేలకి తగులుతోంది, చూస్తుంటే ఏడుపొస్తోంది. షాపులో నీళ్లలో కలిపే పౌడర్ ఇచ్చారు, ఏం తేడా లేదు. పక్కింటివాళ్లు బాగున్నవాటిని ఈలోపే సంతలో అమ్మేయమంటున్నారు. ఇది బర్డ్ ఫ్లూ కాదు కదా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అదొక టెన్షన్.

గోదారిగట్టు:
చెల్లీ, ముందు ఒక్క మాట, సంతకి మాత్రం పంపకండి. మీ ఇంటికి ఈ రోగం ఎలా వచ్చిందో చూశారు కదా, ఎవరో తమ కోళ్లు కునుకుతుంటే ఈలోపే అమ్ముకుందామనుకుని ఉంటారు, ఆ పెట్ట మీ గుమ్మంలోకి వచ్చింది. బాగున్నట్టు కనిపించే కోడిలో కూడా రోగం లోపల ఉండొచ్చు, బయటపడటానికి మామూలుగా ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కొక్కెర తెగులు, డాక్టర్లు రాణిఖేత్ అంటారు. మెడ తిరగడం, ఆకుపచ్చ విరోచనాలు, గురక మూడూ కలిసి వచ్చాయంటే నేనైతే ముందు దాన్నే అనుమానిస్తాను.

జబ్బువాటిని వేరే గంప కింద, గాలివాటుకు దూరంగా పెట్టండి. మేత, నీళ్లు ముందు బాగున్నవాటికి వేసి, జబ్బువాటి దగ్గరికి చివర్లో వెళ్లండి. గిన్నెలు వేరు, చెప్పులు వేరు, వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చచ్చినవాటిని కాలవలోనో చెత్తకుప్పలోనో పడేయొద్దు, కుక్కలు, కాకులు ఊరంతా లాగుతాయి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కోసుకుని వండుకోవడం కూడా వద్దు, ఆ ఈకలు, పేగులు పెరట్లో పడితే మళ్లీ అదే కథ.

పశువైద్యం:
పశువైద్యశాలలో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నా. పైన అన్న చెప్పింది సరైనదే, కానీ లక్షణాలు చూసి ఇది కొక్కెరే, బర్డ్ ఫ్లూ కాదు అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ల్యాబే తేల్చాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారం ఊళ్లలో కోళ్లు చచ్చిపోతే, భోపాల్ ల్యాబుకు శాంపిళ్లు పంపాకే అది బర్డ్ ఫ్లూ అని తేలింది. ఒక్కసారిగా గంపగుత్తగా చావడం, జుట్టు, తమ్మెలు నీలంగా మారడం, కాళ్ల మీద రక్తపు చారలు, పక్కన బాతులు కూడా పోవడం ఉంటే ఆలస్యం చేయొద్దు. కొక్కెరలో బాతులు సాధారణంగా తట్టుకుంటాయి.

అందుకే ఈరోజే ఊళ్లోని పశువైద్యశాలకి గానీ పశువుల అంబులెన్స్ నంబరు 1962కి గానీ ఫోన్ చేయండి. డాక్టరు వచ్చేదాకా చచ్చినదాన్ని కోసి చూడొద్దు, పిల్లల్ని పెరట్లోకి వదలొద్దు, ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకుని గ్లవ్స్ లేదా ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని ముట్టుకోండి.

ఆ పౌడర్ యాంటీబయాటిక్ అయి ఉంటుంది. కొక్కెర వైరస్ వల్ల వస్తుంది, దాన్ని చంపే మందు లేదు. యాంటీబయాటిక్ వెంట వచ్చే వేరే ఇన్ఫెక్షన్లకి మాత్రమే.

పుంజులరాయుడు:
మరి కొక్కెర టీకా వేయించాకే మా కోళ్లు ఎక్కువ చచ్చాయి, దానికేమంటారు? మా ఊళ్లో అందుకే ఎవరూ వేయించడం లేదు.

పశువైద్యం:
బాబాయ్, అది చాలాచోట్ల వినే మాటే. ఊళ్లో రోగం మొదలయ్యాక వేయిస్తే, అప్పటికే రోగం అంటుకున్న కోళ్లు టీకా వేసినా పోతాయి, నింద టీకా మీద పడుతుంది. ఇంకోటి, ఆర్2బి అనే టీకా బలమైనది, రెండు నెలలు దాటిన కోళ్లకే రెక్క కింద చర్మంలో అర మిల్లీలీటరు వేయాలి, చిన్నపిల్లలకి వేస్తే ప్రమాదం. పిల్లలకి లసోటా అని వేరే ఉంది, ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకటి. టీకా బుడ్డిని ఐస్‌లో తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వేసేయాలి, ఎండలో సైకిల్ మీద తిప్పితే అది ఉత్త నీళ్లే. ఒక బుడ్డి వంద కోళ్లకి పైగా సరిపోతుంది, అందుకే నాలుగిళ్లవాళ్లు కలిసి తెల్లవారుజామున గూళ్లు తెరవకముందే ఒకేసారి వేయించుకుంటే ఖర్చూ తక్కువ, ఊరికి రక్షణా ఎక్కువ. వారం ముందు నులిపురుగుల మందు కూడా వేయించండి.

పెరటిపెట్ట:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. ఫోన్ చేశాను, రేపు పొద్దున వస్తామన్నారు. అమ్మే విషయం మామయ్యగారితో మాట్లాడాను, ఆయనా వద్దనే అన్నారు. ఒక పెట్ట ఇంకా గుడ్ల మీద కూర్చుని ఉంది, దాన్ని ఏం చేయను? మళ్లీ కొత్త కోళ్లు ఎప్పుడు తెచ్చుకోవచ్చు?

గోదారిగట్టు:
ఆ పెట్ట బాగుందా లేదా రేపు డాక్టరే చూస్తారు, ఈలోపు దాన్ని కదపకుండా పక్క గదిలోనో అటక కిందో ఒంటరిగా ఉంచండి. ఆ గుడ్లు మాత్రం ఎవరికీ పొదగడానికి ఇవ్వొద్దు.

కొత్తవాటికి తొందరపడకండి. చివరి కోడి పోయాక కనీసం నెల ఆగండి, వైరస్ రెట్టలో, ఈకల్లో వారాల తరబడి ఉంటుంది. గూడు కింద మట్టి పైపొర చెక్కి పూడ్చి, గోడలకి సున్నం వేసి, గంపలు బ్లీచింగ్ నీళ్లతో కడిగి మండుటెండలో పెట్టండి. తర్వాత తెచ్చే కోళ్లని ఎక్కడివైనా సరే మూడు వారాలు విడిగా ఉంచి, అవి బాగున్నాకే కలపండి. సంక్రాంతి ముందూ తర్వాతా పుంజులు ఊరూరా తిరుగుతాయి కదా, ఆ రోజుల్లో బయట పుంజుని పెరట్లోకి రానివ్వకండి. తెలిసినవాళ్ల ఇంట్లోది కదా అని మొహమాటపడొద్దు.