నాస్‌కి ఫైళ్లు పంపడానికి వైఫై మీద ఇంకా ఖర్చు పెట్టాలా, వైరు లాగేసి ఊరుకోవాలా?

ఫొటోలపిచ్చోడు:
అందరికీ నమస్తే. విషయం ఏంటంటే ఇంట్లో రెండు డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే ఫైళ్ల డబ్బా) ఒకటి పెట్టుకున్నా, లాప్‌టాప్‌లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన ఫొటోలూ వీడియోలూ ఓ 400 జీబీ దాంట్లోకి తోసేద్దామని. కాపీ కొడితే సెకనుకి 11 ఎంబీ. పదకొండు! అంటే దాదాపు పది గంటలు. సరే రౌటర్ పాతది కదా అని వైఫై 6 రౌటర్ కొన్నా, డబ్బా మీద 5400 అని ఇంతింత లావు అంకెలు. బిగించి, లాప్‌టాప్‌ని దాని పక్కనే కూర్చోబెట్టి మళ్లీ కాపీ కొట్టా. మళ్లీ 11. లాప్‌టాప్‌లో లింక్ స్పీడేమో 1201 చూపిస్తోంది. ఒక ఫ్రెండ్ మెష్, అంటే ఇంట్లో అక్కడక్కడ రెండు మూడు వైఫై డబ్బాలు, పెట్టమంటాడు, ఇంకొకడు నాస్‌ని వైఫైలో వాడటమే తెలివితక్కువ పని, వైరు లాగు అంటాడు. మీరేమంటారు? నాస్ మాత్రం రౌటర్‌కి కేబుల్‌తోనే ఉంది.

కేబుల్‌బాబాయ్:
రెండో ఫ్రెండ్ మాట విను తమ్ముడూ. ఆ 1201 చూసి మురిసిపోకు, అది మెగాబిట్లు, 8తో భాగించు, అప్పుడు 150 ఎంబీ. అందులో కూడా సగం, మహా అయితే 60 శాతం చేతికొస్తే అదృష్టం. ఎందుకంటే వైఫైలో ఒకళ్లు మాట్లాడితే మిగతావాళ్లంతా నోరు మూసుకోవాలి, నువ్వు పంపేటప్పుడు నీకేదీ రాదు, నీకొచ్చేటప్పుడు నువ్వు పంపలేవు. పక్కింటి రౌటర్ కూడా అదే ఛానెల్‌లో ఉంటే వాడి వంతు కూడా నువ్వే కాయాలి. అదే మామూలు గిగాబిట్ (1000 మెగాబిట్లు) వైరు పెట్టు, సెకనుకి 110 ఎంబీ, ఎండా వానా లేకుండా అంతే వస్తుంది. ఇంక 5400 సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 574, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 4804, రెండూ కూడి రౌండ్ చేసి అట్ట మీద వేస్తారు. నీ లాప్‌టాప్‌కి ఉన్నవి రెండు యాంటెన్నాలు, ఆ 4804 నాలుగు యాంటెన్నాల లెక్క. నీకు ఎప్పటికీ రాదు.

గాలివాటం:
వచ్చాడండీ బాబాయ్, ఏ టాపిక్ అయినా వైరు. లాప్‌టాప్ కొనేదే ఎక్కడ పడితే అక్కడ కూర్చుని పని చేసుకోడానికి, దానికి మళ్లీ తోక తగిలించమంటావా? అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు గోడకి మేకు కొట్టాలంటేనే భయపడతారు, కేబుల్ ఎక్కణ్ణించి లాగుతారు. నాకు వైఫై 6లో 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ మీద లింక్ 2402 వస్తోంది, నాస్‌కి 2.5 గిగాబిట్ పోర్టు ఉంది, పెద్ద వీడియో కాపీ కొడితే సెకనుకి 150 ఎంబీ దాటింది. నీ గిగాబిట్ వైరు ఆ స్పీడ్ జన్మలో ఇవ్వదు. కాబట్టి ఫొటో బ్రో, ఛానెల్ వెడల్పు 160కి మార్చు చాలు.

కేబుల్‌బాబాయ్:
160 పెడితే ఎప్పుడో ఒకప్పుడు రాడార్ దెబ్బ తగుల్తుంది, అది కూడా చెప్పు మరి. 5 గిగాహెర్ట్జ్‌లో అంత వెడల్పు కావాలంటే వాతావరణ రాడార్లూ గట్రా వాడే ఛానెళ్ల మీదికి పోవాల్సిందే. రాడార్ వాసన తగిలిందంటే రౌటర్ ఆ ఛానెల్ ఖాళీ చేసి వెళ్లిపోవాలి, అది రూలు. అలాంటి ఛానెల్‌లోకి మళ్లీ దిగాలంటే ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి. నీ 150 ఎంబీ కాపీ మధ్యలో ఆగిపోయి నిమిషం సేపు సున్నా దగ్గర కూర్చుంటుంది, ఎర్రర్ వచ్చిందా లేదా అని నువ్వు తెర వైపు చూస్తూ కూర్చుంటావు. పైగా వెడల్పు రెట్టింపైతే నాయిస్ కూడా రెట్టింపు, గోడ అవతలికి పోగానే 80 పెట్టిందే మెరుగ్గా కనిపిస్తుంది.

గాలివాటం:
ఏడాదిలో రెండు సార్లు అయ్యుంటుంది అలా. దానికోసం ఇల్లంతా తవ్వుకోమంటావా 😀 6 గిగాహెర్ట్జ్ ఉన్న రౌటర్ అయితే ఈ రాడార్ గోల కూడా ఉండదు.

మూడోకన్ను:
మీ ఇద్దరి యుద్ధం తర్వాత చూద్దాం. ఫొటో గారూ, పాత రౌటర్‌తో 11, కొత్త రౌటర్‌తో 11, పక్కన పెట్టినా 11. వైఫై వల్ల వచ్చే స్పీడ్ అలా స్థిరంగా ఉండదండీ, ఓసారి 30 ఓసారి 55, తలుపు మూసినా మారుతుంది. కదలకుండా 11 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిందంటే అది 100 మెగాబిట్ల గీత. దారిలో ఎక్కడో ఒక లంకె 100 దగ్గర ఉంది. నాస్ నించి రౌటర్‌కి ఉన్న కేబుల్ చూడండి. కేబుల్ లోపల నాలుగు జతల తీగలు ఉంటాయి, 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. 100కి అక్కర్లేని ఆ రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, ప్లగ్గులో సరిగ్గా కూర్చోకపోయినా, రెండు వైపులా గొడవ పడకుండా 100కి దిగిపోయి పని చేస్తూనే ఉంటాయి. ఎర్రర్ రాదు, నెట్ వస్తుంది, సినిమా ఆడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. నాస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేజీలో లింక్ ఎంత అని ఉందో చూసి చెప్పండి. ఇంకో పని కూడా చెయ్యండి, నాస్‌లోనూ లాప్‌టాప్‌లోనూ ఐపెర్ఫ్3 పెట్టి రన్ చెయ్యండి, అది డిస్కు ముట్టుకోదు, ఉత్త నెట్‌వర్క్ స్పీడే కొలుస్తుంది.

ఫొటోలపిచ్చోడు:
మూడోకన్ను గారూ దండం 🙏 ఐపెర్ఫ్‌లో 94 మెగాబిట్లు వచ్చింది. నాస్ పేజీలో కూడా 100 అనే ఉంది, ఇన్నాళ్లూ అది చూడనేలేదు. కేబుల్ బల్లపరుపుగా పట్టీలా ఉండే రకం, అల్మారా వెనకాల నించి తెచ్చా, తీరా చూస్తే అల్మారా కాలు సరిగ్గా దాని మీదే ఉంది, అక్కడ నొక్కుకుపోయి మడత పడింది. ఇంట్లో పడున్న క్యాట్ 5ఈ కేబుల్ మార్చా. పోర్టు దగ్గర లైటు కాషాయం నించి పచ్చకి మారింది. ఐపెర్ఫ్ ఇప్పుడు 610. కాపీ 68 ఎంబీ!! కొత్త రౌటర్ అనవసరంగా కొన్నానా అయితే?

కేబుల్‌బాబాయ్:
చూశావా, తప్పు వైరుది కాదు, వైరు మీద అల్మారా పెట్టినోడిది.

గాలివాటం:
బాబాయ్ నువ్వసలు మామూలోడివి కాదు 😂 వైరు వల్ల స్పీడ్ పడిపోయిన కేసులో కూడా వైరుని గెలిపిస్తున్నావ్.

పాతచింత:
నాదీ ఇలాంటి ప్రాబ్లమే అని వచ్చా కానీ నాది వేరే. నాస్ లేదు, రౌటర్ వెనకాల యూఎస్‌బీకే హార్డ్ డిస్క్ గుచ్చేశా. డిస్క్ గుచ్చిన దగ్గర్నించీ 2.4 బ్యాండ్‌లో ఉన్న కెమెరా, ప్రింటర్ ఊరికే డిస్‌కనెక్ట్ అవుతున్నాయి. ఏమైనా సంబంధం ఉందా, నా భ్రమా?

మూడోకన్ను:
భ్రమ కాదండీ. యూఎస్‌బీ 3 పని చేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో చప్పుడు చేస్తుంది, ఇంటెల్ వాళ్లు 2012లోనే దీని మీద ఒక పేపర్ వేశారు. డిస్కుని కొంచెం పొడుగు కేబుల్‌తో, మంచి షీల్డ్ ఉన్నదానితో, యాంటెన్నాలకి దూరంగా పెట్టండి. కొన్ని రౌటర్లలో ఆ పోర్టుని యూఎస్‌బీ 2కి తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, చప్పుడు పోతుంది కానీ స్పీడ్ కూడా 30, 35 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఏది కావాలో మీ ఇష్టం.

ఫొటోలపిచ్చోడు:
మళ్లీ నేనే. పండగ అయిపోయింది. పెద్ద వీడియోలు 68లో వెళ్లాయి, బెడ్‌రూమ్‌లోకి వస్తే లింక్ 720కి పడి కాపీ 41కి వచ్చింది, అది కూడా ఓకే. కానీ ఫొటో సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ ఒకటి ఉంది, అందులో 30 వేల చిన్న ఫైళ్లు, ఒక్కోటి 40 కేబీ, మొత్తం కలిపితే 1.2 జీబీ, అంతే. దానికి సెకనుకి 1 ఎంబీ! వీడియోకి పావు నిమిషం పట్టే సైజుకి ఇరవై నిమిషాలు. ఇప్పుడు మాత్రం తప్పు వైఫైదేనా?

కేబుల్‌బాబాయ్:
ఇప్పుడు మాత్రం నూటికి నూరుపాళ్లు వైఫైదే. లాగు వైరు.

గాలివాటం:
కాదు, అది విండోస్ ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ తప్పు. ఆ ప్రోటోకాల్‌కి, అదే ఎస్ఎంబీకి, చిన్న ఫైళ్లంటే మొదట్నించీ పడదు. ఎస్ఎస్‌డీ పెట్టినా అంతే, వైరు పెట్టినా నత్తనడకే.

రాత్రిపాళీ:
ఇద్దరూ సగం సగం కరెక్ట్. నేను ఆఫీసులో స్టోరేజ్ చూస్తాను కాబట్టి ఈ గొడవ నాకు రోజూ ఉండేదే. ఒక ఫైల్ కాపీ అవ్వాలంటే ఊరికే డేటా తోస్తే అవ్వదు. ఈ పేరుతో ఫైల్ ఉందా అని అడగాలి, లేదంటే తయారు చెయ్యి అనాలి, రాయాలి, తేదీలు పెట్టాలి, మూసెయ్యాలి, ప్రతిదానికీ అవతల్నించి సరే అని జవాబు వస్తే గానీ తర్వాతి మాట లేదు. సరదాగా పది సార్లు అటూ ఇటూ అనుకోండి. వైఫైలో ఒక రాకపోకకి 4 మిల్లీసెకన్లు పడితే ఫైల్‌కి 40, అంటే సెకనుకి 25 ఫైళ్లు, 40 కేబీ చొప్పున 1 ఎంబీ. ఫొటో గారికి వచ్చిందే లెక్క. 30 వేల ఫైళ్లకి ఇరవై నిమిషాలు. అదే వైరులో రాకపోక అర మిల్లీసెకను, మొత్తం రెండున్నర నిమిషాల్లో రాకపోకలు అయిపోతాయి, డిస్కు తిరిగే టైమ్ వేరే. అంటే ప్రోటోకాల్ కబుర్లు ఎక్కువ చెప్పడం గాలివాటం గారు చెప్పిన జబ్బు, ప్రతి కబురూ ఆలస్యంగా చేరడం బాబాయ్ గారు చెప్పిన జబ్బు. ఇక్కడ 1201ని 2402 చేసుకున్నా ఏమీ ఒరగదు, రోడ్డు వెడల్పు చేస్తే ఉత్తరానికి జవాబు తొందరగా రాదు కదా.

గాలివాటం:
సరే ఒప్పుకున్నా, 160 వెడల్పు దీనికి మందు కాదు. కానీ వైరు ఒక్కటే మందు అంటే మాత్రం ఒప్పుకోను. మొత్తం ఫోల్డర్‌ని ఒకే జిప్ చేసి పంపితే? ఒకే పెద్ద ఫైల్, 68లో పోతుంది.

రాత్రిపాళీ:
పోతుంది, నేనూ అదే చేస్తా. ఫొటోలు ముందే కంప్రెస్ అయ్యి ఉంటాయి కాబట్టి కంప్రెషన్ లేకుండా ఊరికే మూట కట్టండి, టైమ్ వృథా కాదు. అక్కడికి చేరాక మూట విప్పేది మాత్రం నాస్ లోపలే విప్పాలి, లాప్‌టాప్ నించి విప్పితే మళ్లీ అదే 30 వేల ఫైళ్ల రాకపోకలు. విండోస్ అయితే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌లో ఎంటీ అనే ఆప్షన్ ఉంది, మామూలుగా 8 ఫైళ్లు ఒకేసారి పంపుతుంది, ఒకడి జవాబు కోసం కాచుకునే టైమ్‌లో ఇంకొకడి పని అవుతుంది. వైఫైలో దీనికి తేడా బాగా కనిపిస్తుంది.

కొత్తబిచ్చగాడు:
జంబో ఫ్రేమ్స్, అంటే ఒక్కో ప్యాకెట్ సైజు 9000 బైట్లు, పెడితే స్పీడ్ పెరుగుతుందని ఎక్కడో చదివా, ట్రై చెయ్యండి.

మూడోకన్ను:
వద్దండీ బాబూ. వైఫై దాటి వచ్చేసరికి ఆ 9000 సైజు చెల్లదు, నాస్ ఒక సైజులో మాట్లాడి లాప్‌టాప్ ఇంకో సైజులో మాట్లాడితే కొన్ని ఫైళ్లు వెళ్లి కొన్ని వేలాడతాయి, కారణం వెతకడానికి మీ ఆదివారం పోతుంది. నాది పోయింది.

పాతచింత:
ఫొటో గారూ ఒక అనుభవం. నా ఫ్రెండ్‌కి మొదట 100 ఎంబీ వచ్చి, కాసేపటికి 20కి పడిపోయేది, వైఫై మీద పడి ఏడ్చేవాడు. చివరికి చూస్తే నాస్‌లో ఉన్న డిస్కు ట్రాకులు ఒకదాని మీద ఒకటి పరిచి రాసే రకం, ఎస్ఎమ్ఆర్ అంటారు. మొదట కొంచెం మేర క్యాష్‌లో పెట్టుకుని, నిండాక నెమ్మదిగా సర్దుకుంటుంది. వైరు పెట్టినా అదే 20 వచ్చింది వాడికి.

కేబుల్‌బాబాయ్:
వైరు పెట్టాడు కాబట్టే డిస్కు తప్పని తెలిసింది. అనుమానితుల్లో ఒకణ్ణి తీసేసింది వైరే. తమ్ముడూ నువ్వు కూడా గోడలు తవ్వక్కర్లేదు, ఒక పది మీటర్ల కేబుల్ నేల మీద పరిచి ఆ 400 జీబీ మొదటి కాపీ ఒక్కటీ చేసెయ్, గంట పని. తర్వాత చుట్ట చుట్టి లోపల పడెయ్. రోజూ వచ్చే కొత్త ఫొటోలు వైఫైలోనే పంపుకో, ఎవడొద్దన్నాడు.

గాలివాటం:
బాబాయ్ నోట వైఫై వాడుకో అనే మాట! స్క్రీన్‌షాట్ తీసుకున్నా. కానీ ఒకటి, 68 వస్తున్నప్పుడు 400 జీబీకి గంటా నలభై నిమిషాలు, నీ వైరుతో గంట. ఆ నలభై నిమిషాల కోసం కేబుల్ వెతికి పరిచి మళ్లీ చుట్టడం కన్నా వైఫైలో వేసి పడుకోవడం మేలు.

కేబుల్‌బాబాయ్:
పడుకుంటే లాప్‌టాప్ కూడా పడుకుంటుంది. స్లీప్ సెట్టింగ్ మార్చకుండా పొద్దున్నే లేచి చూస్తే 9 శాతం దగ్గర ఉంటుంది. నాకు జరిగింది.

ఫొటోలపిచ్చోడు:
అప్‌డేట్. వీడియోలు, అసలు ఫొటోలు అన్నీ నిన్న రాత్రి వైఫైలోనే వెళ్లిపోయాయి, స్లీప్ ఆపేసి పడుకున్నా బాబాయ్, థ్యాంక్స్. ఇంక మిగిలింది ఆ 30 వేల చిన్న ఫైళ్లు. రోబోకాపీ పెడదామని ఫోల్డర్ తెరిచి చూశా, అన్నీ థంబ్‌నెయిల్సే, అంటే ఫొటోల చిన్న బొమ్మలు. సాఫ్ట్‌వేర్ హెల్ప్‌లో చూస్తే ఈ ఫోల్డర్ డిలీట్ చేసినా పర్లేదు, ఫొటోలు తెరిచినప్పుడు మళ్లీ అదే తయారు చేసుకుంటుంది అని ఉంది.

రాత్రిపాళీ:
అంటే ఇంతసేపూ మనం కాపీ చెయ్యక్కర్లేని దాని గురించి కొట్టుకున్నామా 😀

ఫొటోలపిచ్చోడు:
అవునండీ. అల్మారా కూడా నాలుగంగుళాలు ముందుకి జరిపా.