బడిలో ఫ్లూ జ్వరాలు, బాబుని పంపాలా మానిపించాలా?

అమలాపురం అమ్మ:
మా వీధిలో ఇంటికొకరు దగ్గుతో మంచం పట్టారండి. మావాడి రెండో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. నిన్న వాడికీ జ్వరం వచ్చింది, సిరప్ వేస్తే దిగింది. టెస్టులున్నాయి పంపమని స్కూలు నుంచి ఫోను. మా ఇద్దరివీ ఉద్యోగాలే, పంపేయనా?

పాలకొల్లు నుంచి:
వద్దండి బాబూ! సిరప్‌తో దిగితే తగ్గినట్టు కాదు, మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే బడి. టెస్టుదేముంది, మళ్లీ రాస్తాడు.

రావులపాలెం నాన్న:
అమ్మమ్మగారింట్లో దింపేద్దామని మాత్రం అనుకోకండి, 65 దాటినవాళ్లకి, షుగరున్నవాళ్లకి ఫ్లూ ముదిరితే ప్రమాదం. మా ఇంట్లో అయితే పొద్దున్న పూట నేను, మధ్యాహ్నం నుంచి మా ఆవిడ అని పర్మిషన్లు పెట్టుకుని లాక్కొచ్చాం.

భీమవరం నర్సు:
ఆస్పిరిన్ అసలు వేయకండి. పారాసెటమాల్ బరువును బట్టి, డాక్టరు చెప్పినంతే. ఫ్లూ వైరస్ కదా, యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు, అయినా మెడికల్ షాపులో అడిగి మరీ కొనేస్తారు, అదే నాకు మంట. డొక్కలెగరేస్తున్నా, మూత్రం తగ్గినా, మత్తుగా పడి ఉన్నా, దిగిన జ్వరం మళ్లీ ఎక్కినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టమివిర్ అనే మందు డాక్టరు రాస్తే, లక్షణాలు కనపడిన మొదటి 48 గంటల్లో మొదలుపెట్టడం మంచిది.

అమలాపురం అమ్మ:
సరేనండి, మానిపించేస్తున్నా. అంగన్‌వాడీకెళ్లే చిన్నదానికీ పొద్దుట్నుంచి ముక్కు కారుతోంది, దాన్నీ ఆపేయాలా?

భీమవరం నర్సు:
ఆపండి. లక్షణాలు కనపడే ముందురోజు నుంచే ఇది అంటుకుంటుంది. అయిదేళ్లలోపు పిల్ల కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించండి.