జయలలిత అక్రమాస్తుల కేసు బెంగళూరికి రాకపోయుంటే శిక్ష పడేదా?

చిత్తూరు కుర్రాడు:
నిన్న ఆఫీసులో లంచ్ దగ్గర పెద్ద వాదన అయింది. మా టీమ్‌లో తమిళాయన ఒకరు, "సుప్రీంకోర్టు తీర్పొచ్చేనాటికి అమ్మ బతికి లేదు, ఆమె మీద కేసు ముగిసిపోయింది, హైకోర్టు నిర్దోషి అనేసింది, ఇంకా నిందలేంటి?" అన్నారు. పైగా ఒక రాష్ట్ర సీఎంని పక్క రాష్ట్రంలో విచారించడమే అన్యాయమట. మీరేమంటారు?

మడివాళ మావయ్య:
ఆయన అన్నదే కరెక్టు. 2014లో శిక్ష వేశారు, 2016లో జనం మళ్ళీ గెలిపించారు. అమ్మ క్యాంటీన్‌లో రూపాయికి ఇడ్లీ తిన్నవాళ్ళకి తెలుసు ఆమె ఏంటో.

హోసూరు రోడ్డు:
మావయ్య గారూ, ఓటు వేరు, కేసు వేరు. 1991లో మొదటిసారి సీఎం అయ్యాక ఆవిడ తీసుకున్న జీతం నెలకు ఒక్క రూపాయి, 1996కల్లా ఆస్తులు 66 కోట్ల పైమాటే అని అభియోగం. చెన్నైలో విచారణ జరుగుతుండగానే 2001లో మళ్ళీ అధికారంలోకి వచ్చారు. ఇక చూడండి, అప్పటికే సాక్ష్యం చెప్పేసిన 76 మందిని మళ్ళీ పిలిపిస్తే అందులో 64 మంది మాట మార్చారు, ప్రాసిక్యూటర్ కిమ్మనలేదు. ఎలా అంటాడు, ఆయన్ని పెట్టింది ఆవిడ ప్రభుత్వమే కదా! డీఎంకే అన్బళగన్ సుప్రీంకోర్టుకి వెళ్తే 2003 నవంబరులో కేసు ఇక్కడికి మార్చారు. ఆయన ప్రత్యర్థి పార్టీ మనిషే, కాదనను, కానీ ఆ 64 మంది మాట మార్చింది నిజం.

2014 సెప్టెంబరు 27, శనివారం. మేం అప్పుడు ఆ తీర్పు వచ్చిన కోర్టుండే పరప్పన అగ్రహారం దగ్గర్లో అద్దెకుండేవాళ్ళం, రోడ్డంతా పోలీసులే. సాయంత్రం మెస్‌లో టీవీలో నాలుగేళ్ళ జైలు, వంద కోట్ల జరిమానా అని రాగానే, కృష్ణగిరి నుంచి వచ్చి మేస్త్రీ పని చేసుకునే పెద్దాయన పళ్ళెం పక్కకి నెట్టేసి, ఎంగిలి చేత్తోనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఏడుపు నిజం. దాన్ని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆయన కన్నీళ్ళు లెక్కల్ని మార్చవు కదా.

లెక్కలంటే గుర్తొచ్చింది. 2015లో కర్ణాటక హైకోర్టు ఆ శిక్షని కొట్టేస్తూ ఇచ్చిన తీర్పులో, ఆదాయం కింద చూపిన అప్పుల కూడికే తప్పు, 10.67 కోట్లు రావాల్సిన చోట 24.17 కోట్లు వేశారు. దాంతో ఆదాయానికి మించిన ఆస్తి 8.12 శాతమే అని తేల్చి వదిలేశారు. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసి జయలలిత స్నేహితురాలు శశికళతో సహా ముగ్గురిని జైలుకి పంపింది. జయలలిత అంతకు రెండు నెలల ముందే పోయారు కాబట్టి ఆవిడ వరకు కేసు ఆగింది. ఆగడం అంటే నిర్దోషి అని కాదు.

మడివాళ మావయ్య:
సరే బాబూ, మరి ఇక్కడికొచ్చాక 11 ఏళ్ళెందుకు పట్టింది? ముసలితనం వచ్చాక వేసే శిక్ష ఎవరికి న్యాయం?

హోసూరు రోడ్డు:
ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. వాయిదాల మీద వాయిదాలు. తొందరగా తేలుంటే అమ్మకి కూడా ఏదో ఒక తుది తీర్పు దక్కేది.

మడివాళ మావయ్య:
అయితే కర్ణాటక నాయకుల కేసులు చెన్నైకి పంపమంటావా?

హోసూరు రోడ్డు:
సాక్షులు ఇలా వరసపెట్టి మాట మారిస్తే పంపాల్సిందే.

చిత్తూరు కుర్రాడు:
ఆ 64 మంది సంగతి నాకు తెలీదన్నా. రేపు ఆయన్ని ముందు అదే అడుగుతాను.