సమస్యాపూరణం: "కల్లలాడి రాజు ఘనతఁ గాంచె"

నిర్వాహకుడు: ఈసారి సమస్యగా ఇచ్చింది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి. క–ఘ యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) కుదిరింది, గణాలు అయిదూ మూడేసి మాత్రల సూర్యగణాలే. దీనికో కల్పిత కథ కూడా ఇస్తున్నాను. కోట కూలిన రాత్రి, హతుడైన శత్రురాజు పసికందు ఒక సామంతరాజు చేతికి చిక్కాడు. సంగతి తన ప్రభువుకు తెలిస్తే పసివాడు బతకడు. "వీడు నా కొడుకే" అనేశాడు. భార్యకీ అదే మాట, పెద్దయ్యాక ఆ పిల్లాడికీ అదే మాట. ఆయన చేసింది న్యాయమా? పద్యంలో తేల్చండి. కథ నచ్చకపోతే కర్ణుడి దగ్గరికి వెళ్లండి, అభ్యంతరం లేదు.

పాతగంటం:

శత్రురాజు బిడ్డఁ జంక నెత్తుకొనుచు
తనదె యనుచుఁ బలికె దండనాథు
నెదుట, పసినిఁ గాచె, నిల్లాలితోఁ గూడ
కల్లలాడి రాజు ఘనతఁ గాంచె.

మొదటి పాదం ముందు "శత్రురాజు బిడ్డ సన్నిధిఁ జేరఁగా" అని ఉండేది. పసికందు సన్నిధికి నడిచొచ్చాడా అని మా ఇంట్లోనే నవ్వారు, మార్చాను. ప్రాణం పోయే చోట బొంకవచ్చని వామనుడి కథలో శుక్రాచార్యుడు బలికి చెప్పనే చెప్పాడు. భాగవతంలో పోతన ఆ మాట చెప్పించిందీ ఆటవెలదిలోనే.

యతిమిత్ర: పద్యం నడక బాగుంది, శ–జ యతి కూడా సరే. కానీ శుక్రుణ్ణి సాక్షిగా పిలిచారు గనుక అడుగుతున్నా: ఆ సలహా బలి విన్నాడా? వినలేదు, ఆడినమాట తప్పనన్నాడు. లోకం ఎవరిని పొగుడుతోంది, సలహా ఇచ్చిన గురువునా, కాదన్న శిష్యుణ్ణా?

పాతగంటం: బలి పణంగా పెట్టింది తన రాజ్యాన్ని, తన ఒంటిని. మన సామంతుడు నిజం చెప్తే పోయేది ఇంకొకడి ప్రాణం. రెండూ ఒకటెలా అవుతాయండీ?

నిర్వాహకుడు: ఈ జవాబుకు నా ఓటు.

సీసమాలిక:

కుంతి కొడుక వంచుఁ గూర్మి శౌరి తెలుప
రాధ సుతుఁడ ననుచు రణముఁ జేసి
తుదకు నిజము దాచి తోడఁబుట్టులఁ దాఁకి
కల్లలాడి రాజు ఘనతఁ గాంచె.

ఇందులో రాజు అంగరాజు కర్ణుడు, శౌరి అంటే కృష్ణుడు. రహస్యం దాచింది పెద్దలే అనుకుంటాం గానీ, తెలిశాక కర్ణుడూ దాచాడు. ధర్మరాజుకు చెప్పొద్దని కృష్ణుణ్ణి కోరింది ఆయనే. తెలిస్తే ధర్మరాజు రాజ్యం తన చేతిలో పెడతాడు, తాను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేయాల్సి వస్తుంది.

యతిమిత్ర: ఊహ చాలా బాగుంది, ఈ పూటకి ఇదే మేలు. కానీ పూరణ సమస్యకే ఎదురు తిరిగింది. పెంచిన తల్లి పేరు చెప్పుకోవడం కల్ల ఎలా అవుతుంది? అది నిజమే. అలాంటప్పుడు నాలుగో పాదంలో "కల్లలాడి" నిలబడదు. దాచడం వేరు, కల్లలాడటం వేరు.

సీసమాలిక: మూడో పాదంలో "నిజము దాచి" అన్నది అందుకే. అయినా మీరన్నది కాదనలేను, ఇంకో పూరణ రాస్తాను.

కొత్తకలం: నాకు ఒక్క పాదమే వచ్చింది: "తండ్రి కాని వాఁడు ప్రేమ పంచె". రెండో పాదంగా సరిపోతుందా?

నిర్వాహకుడు: గణాలన్నీ సరిపోయాయి, యతి తప్పింది. 'తం'కు 'ప్రే' కుదరదు. "తండ్రి కాని వాఁడు తానె పెంచె" అని చూడండి. మిగతా మూడు పాదాలూ రాయండి, టెన్షన్ పడకండి.

యతిమిత్ర: విమర్శించి ఊరుకుంటే బాగుండదు, నాదీ ఒకటి:

పెరిగి పెద్దయైన బిడ్డఁ డడిగె నిట్లు:
తండ్రి పేరు చెప్ప దడిసినావు;
నాదు బ్రతుకె కల్ల, న్యాయ మిదియె? యెట్లు
కల్లలాడి రాజు ఘనతఁ గాంచె?

పాతగంటం: "యెట్లు" పెట్టి సమస్యను ప్రశ్నగా తిప్పేయడం అవధానాల్లో చూసిన ఉపాయమే, తప్పేం లేదు. కానీ రెండో పాదంలో "నావు" అని ఎదురుగా నిలదీసినవాడు నాలుగో పాదానికి "రాజు" అని ఎవరి గురించో మాట్లాడుతున్నాడు. అక్కడ అతుకు కనిపిస్తోంది. వాదం మాత్రం బలంగా ఉంది. ప్రభువు దగ్గర దాచడం కాపాడటమే, కత్తి పట్టే వయసొచ్చిన కొడుకు దగ్గర దాచడానికి ఆ సాకు చెల్లదు.

సీసమాలిక: కుంతి నోరు విప్పింది యుద్ధం ముగిసి, తర్పణాలు వదిలే వేళ. అప్పటికి వినాల్సినవాడు లేడు. ధర్మరాజు కోపమంతా ఆ ఆలస్యం మీదే. దానికి ఆడజాతినంతా శపించడం మాత్రం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

నిర్వాహకుడు: మూడు పద్యాల్లోనూ సామంతుడి భార్య నోరు మెదపలేదు. పాతగంటం గారు ఆవిణ్ణి ఒక్క మాటలో తేల్చేశారు. వేరే ఆడదాని బిడ్డేమో అనుకుంటూనే వాడికి అన్నం పెట్టిన మనిషి ఆవిడ. పాదం ఇదే, గొంతు ఆవిడది. రాయండి.