నర్సిరెడ్డి సార్‌ను సార్లే ఎందుకు ఓడించారు?

బోర్డురాత: 2019లో వరంగల్–ఖమ్మం–నల్లగొండ శాసనమండలి టీచర్ల స్థానంలో గెలిచిన అలుగుబెల్లి నర్సిరెడ్డి, 2025లో పీఆర్టీయూ సంఘం శ్రీపాల్ రెడ్డి చేతిలో ఓడారు. హెడ్మాస్టర్‌గా చేసి, యూటీఎఫ్ సంఘంలో తిరిగి మండలికి వెళ్లిన మనిషి. టీచర్లను కొత్త జిల్లాలకు పంచిన 317 జీవో, డీఏ బకాయిలు, సీపీఎస్ పెన్షన్ అన్నిటి మీదా మాట్లాడారు. మరి ఎందుకు వద్దనుకున్నారు? సంఘం జెండాలు పక్కనపెట్టి చెప్పండి.

కారం మిక్చర్: ముందు మీ చేతిలోది దించండి సార్ 😀

పాతహెచ్చెం: మాట్లాడటం వేరు, తేవడం వేరు. మండలిలో 40 మంది. అందులో టీచర్ల తరఫున ముగ్గురే. మీరెంత గట్టిగా అడిగినా మంత్రి లేచి “పరిశీలనలో ఉంది” అని కూర్చుంటాడు. సర్కారుతో మాటామంతీ ఉండి, సెక్రటేరియట్‌లో ఫైలు వెంటపడేవాడు కావాలి. సార్లు ఆ లెక్కనే వేశారు.

బోర్డురాత: ఫైలు వెంటపడటానికి సభ్యత్వం ఎందుకండీ, సంఘం లెటర్‌హెడ్ చాలదా? 2021 డిసెంబరులో 317 వచ్చి సీనియారిటీ పేరుతో జిల్లాలకు జిల్లాలు చెల్లాచెదురైనప్పుడు మీ మాటామంతీ వాళ్లు ఏ ఫైలు ఆపారు?

పాతహెచ్చెం: మీ వాళ్లు ఆపారా మరి?

డీఎస్సీ2008: మీరిద్దరూ కొట్టుకోండి. నాకు అసలు ఓటే లేదు.

బోర్డురాత: అది నర్సిరెడ్డి గారు పెట్టిన రూలు కాదు తమ్ముడూ. రాజ్యాంగం 171వ అధికరణం. సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థలో చెప్పేవాళ్లకే ఓటు. ఆరేళ్లలో మూడేళ్ల సర్వీసు, ఫారం 19 మీద హెడ్మాస్టర్ సంతకం.

ప్రైవేటు పంతులు: ఆ సంతకం అడిగితే మా మేనేజ్‌మెంట్ “జీతాల రిజిస్టర్ బయటికొస్తుంది” అని పెట్టలేదు. మూడేళ్లు కాదు, పదేళ్లయింది నేను టెన్త్‌కు లెక్కలు చెప్పబట్టి.

డీఎస్సీ2008: రూలు ఎవరు పెట్టారని నేనడగలేదు. ప్రైమరీ స్కూల్లో ఇద్దరం కలిసి ఐదు తరగతులు నడుపుతున్నాం. మేం టీచర్లం కామా?

పాతహెచ్చెం: ఈ ప్రైమరీ టీచర్లకు, ఎస్జీటీలకు ప్రతిదానికీ ఏడుపే. ప్రమోషన్ తెచ్చుకో, ఓటొస్తుంది.

కారం మిక్చర్: అయిపోయింది. ఇక ఈ థ్రెడ్ తెల్లారేదాకా నడుస్తది.

డీఎస్సీ2008: ఏడుపంటారా? వినండి. 317లో నాదొక జిల్లా, మా ఆవిడదొక జిల్లా. ఇద్దరం ఎస్జీటీలమే. 2023 జనవరిలో 13 జిల్లాల్లో ఆపి ఉంచిన భార్యాభర్తల బదిలీలు తీస్తే ముందు ఎవరికిచ్చారు? హైస్కూళ్లలో చెప్పే స్కూల్ అసిస్టెంట్లకు. డైరెక్టరేట్ ముందు చంటిపిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నది ఎవరు? మేము. ఓటున్నోడికి ఆర్డరు, లేనోడికి ఎండ. ఎన్నికలప్పుడు మా మండలంలో రెండు సంఘాల కార్లూ మా బడి ముందు నుంచే హైస్కూలుకు పోయాయి. ఒక్కటీ ఆగలేదు.

బోర్డురాత: ఆ లిస్టు చేసింది సర్కారు. దాని మీద నర్సిరెడ్డి గారు కొట్లాడారు కూడా. ఆయన మీద కోపమెందుకు?

డీఎస్సీ2008: ఆయన మీద కోపం లేదు. ఆయన మంచాయనే. నా గొడవ ఆయన గెలిచినా ఓడినా ఒకటే అన్నది. పోయిన ఆరేళ్లు మీరు కొట్లాడేవాడు కావాలన్నారు, ఇప్పుడు వీళ్లు పని చేయించేవాడు కావాలంటున్నారు. ఎవరొచ్చినా మళ్లీ గెలవాలంటే హైస్కూలు స్టాఫ్‌రూముకే పోవాలి కదా.

పాతహెచ్చెం: హైస్కూలు వాళ్లకు మాత్రం ఏం కట్టబెట్టారయ్యా? మా డీఏలు పడ్డాయా?

బోర్డురాత: అందుకే గట్టిగా అడిగేవాడు కావాలన్నది.

పాతహెచ్చెం: అందుకే ఫైలు కదిలించేవాడు కావాలన్నది.

డీఎస్సీ2008: ఏ ఫైలు సార్? అందులో ఎస్జీటీల కాగితం ఉందో లేదో ముందు చూసి చెప్పండి.