అప్‌డేట్: గేలాల షాపు పెట్టేశాను, వేట నిషేధమూ గడిచింది

వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర గేలాల షాపు పెడితే, సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బేరాలుంటాయా అని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. ఆ 61 రోజులూ ఈగలు తోలుకోలేదు. నిషేధం మరబోట్లకీ ఇంజన్ పడవలకీ. ఒడ్డున రాళ్ల మీద నుంచి సరదాగా గేలం వేసేవాళ్లు ఆదివారాలు వస్తూనే ఉన్నారు. ఖరీదైన రాడ్లు (గేలం కర్రలు) తక్కువ పెట్టమని అప్పుడు సలహా ఇచ్చిన అన్నయ్యకి దండాలు. చిల్లర సరుకే నిలబెట్టింది: కొక్కేలు, గేలం మునగడానికి కట్టే సీసపు గుళ్లు, నైలాన్ దారం.

నష్టం నా తెలివితక్కువ వల్లే. షోకుగా ఉంటుందని దారం చుట్టలు ఎండ పడే అద్దాల బీరువాలో పెట్టాను. ఎండకి నైలాన్ బలం పోతుందట! కోనెం చేప పడితే దారం పుటుక్కుమందని ఓ బాబాయ్ వచ్చి నాలుగు తిట్టాడు. చుట్ట మార్చిచ్చాను. మిగతావి పారేశాను.

కొక్కేల నంబర్లతో ఇప్పటికీ తికమకే. 10 కన్నా 4 పెద్దది, 1 దాటాక లెక్క తిరగబడి 1/0 కన్నా 5/0 పెద్దది. అందుకే డబ్బాల మీద నమూనా కొక్కెం అతికించాను. ఉప్పుగాలికి అవీ తుప్పు పడుతున్నాయి.

అప్పుల పుస్తకం సంగతి మాత్రం అడక్కండి.